ఎవరికి తెలిసింది

ఫిబ్రవరి 2

ఒరేయ్ చిన్నోడా,

ముందే చెబుతున్నాను, కంగారు పడకు. అందరం లేచి తిరుగుతున్నాం. పాప కూడా నిన్నటి నుంచి కడుపునిండా తింటోంది.

పోయిన సోమవారం మధ్యాహ్నం మా ఊరి బళ్ళో పిల్లలు వరసపెట్టి వాంతులు చేసుకున్నారు. మొత్తం నలభై ఒక్కమంది. అందులో మా పాప ఒకతి. ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో చాపలు వేశారు. సాయంత్రానికల్లా సగంమంది లేచి కూర్చున్నారు, మూడోరోజుకి అందరూ ఇళ్ళకు చేరారు. గండం గడిచింది అనుకున్నాను.

మంగళవారం మీ పత్రిక వచ్చింది. ఊళ్ళ పేజీలో అన్నిటికంటే పైన వేశారు. కత్తిరించి పంపుదామనుకున్నాను గానీ కత్తెర పట్టుకోబుద్ధి కాలేదు. ఆ ఒక్క వాక్యం చూసి రాస్తున్నాను: "ఆ ఉదయం విధుల్లో ఉన్న ఉద్యోగిని నీటిని పరీక్షించకుండానే రిజిస్టరులో అంకెలు నింపినట్టు తెలిసింది."

పేరు వెయ్యలేదు. మర్యాదస్తులు. ఈ ఊళ్ళో నీళ్ళు పరీక్షించే ఆడమనిషిని నేనొక్కదాన్నే. మా వీధి చివర కూరలమ్మే మనిషికి కూడా ఆ సంగతి తెలుసు. పేరు వేసినా ఇంతకంటే తొందరగా ఊరంతా పాకేది కాదు.

నా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదనుకుంటాను. నువ్వూ అడగలేదు. గంటకోసారి గాజు గొట్టంలో నీళ్ళు పడతాను. మందు ఐదు చుక్కలు వేస్తాను. నీళ్ళలో క్లోరిన్ ఉంటే పసుపురంగుకి తిరుగుతాయి. ఎంత పసుపో రంగుల అద్దంతో పోల్చి చూసి, అంకె రాస్తాను. అంతే. పన్నెండేళ్ళుగా అదే పని. ఆ సోమవారం పొద్దున ఆరు నుంచి రెండు వరకు నా డ్యూటీ. ఎనిమిదిసార్లు చూడాలి, ఏడుసార్లు చూశాను. పదకొండింటికి గొట్టం చెయ్యిజారి పగిలింది. స్టోరు తాళంచెవి ఉన్న మనిషిని వెతికి ఇంకోటి తెచ్చేసరికి పన్నెండు కావొచ్చింది. పదకొండు గంటల గడి ఖాళీగా వదిలేసి, పక్కన "గొట్టం పగిలింది" అని రాశాను.

ఇప్పుడు విచారణ అట. అది తేలేదాకా రావద్దన్నారు. రిజిస్టరు పట్టుకెళ్ళిపోయారు. మా పెద్దింజనీరు ఆ ఖాళీ గడి మీద వేలుపెట్టి "ఇదేంటమ్మా?" అని అడిగాడు. చెప్పాను. తల ఊపాడు. నమ్మి ఊపాడో నమ్మక ఊపాడో నాకు అర్థం కాలేదు.

నిన్ను అడిగేది ఒక్కటే. "తెలిసింది" అని రాశారు కదా. ఎవరికి తెలిసింది? ఎవరు చెబితే తెలిసింది? మీ ఆఫీసులో కనుక్కుని రాయి. ఫోన్ చెయ్యకు. పక్కింట్లో ఫోనెత్తితే వాళ్ళింటిల్లిపాదీ చుట్టూ చేరతారు. పైగా ఫోన్లో అయితే నువ్వు "ఊఁ, ఊఁ" అని తప్పించుకుంటావు.

మీ బావ మిషను ముందు కూర్చుని మూడురోజులుగా ఒకే చొక్కా కుడుతున్నాడు. ఇచ్చినవాళ్ళు అడగడానికి కూడా రావట్లేదు. నాకు ఏడుపు రావట్లేదు. కోపం కూడా పెద్దగా లేదు. చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతున్నట్టుంది.

అక్క


ఫిబ్రవరి 7

అక్కకు,

నీ ఉత్తరం అందింది. పాప కోలుకున్నందుకు సంతోషం.

వార్త ఎవరు చెబితే రాశామన్నది పత్రిక బయటపెట్టకూడదు. మా వృత్తిలో అది మొట్టమొదటి నియమం. ఎడిటరుగారు పది నియమాలు బోర్డు మీద రాయించి తన గదిలో గోడకు పెట్టించారు. కొత్తగా చేరినవాళ్ళం అది చూసి రాసుకోవాలి. నేనూ రాసుకున్నాను. "తెలిసింది" అని రాశామంటే మేం స్వయంగా నిర్ధారించుకోలేదని, మాకు అందిన సమాచారం అదని అర్థం. చదివేవాళ్ళు దాన్ని అలాగే తీసుకుంటారు. నింద రుజువు కాకముందే మనిషి పేరు వెయ్యకూడదన్నది కూడా నియమమే. దాన్నీ పాటించారు.

నువ్వు ఒక ఖండన రాసి పంపితే వేస్తారు. మీ పెద్దింజనీరు సంతకం కూడా ఉంటే ఇంకా మంచిది. సొంతవాళ్ళకు సంబంధించిన వార్తల్లో మేం వేలు పెట్టకూడదు, అది కూడా బోర్డు మీద ఉంది. కాబట్టి నేను నీ తమ్ముణ్ణని ఖండనలో రాయకు. అక్కడ ఎవరితోనూ అనకు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మధ్యాహ్నం రెండింటికి కుర్చీలో కూర్చుంటే ఏడింటికల్లా ఊళ్ళ పేజీ వదలాలి. ఈలోగా ముప్ఫై, నలభై కాగితాలు చేతుల్లోంచి పోతాయి. గదిలో కిటికీ రెక్క ఊడిపోయింది. అట్టముక్క పెట్టి మేకులు కొట్టాను. ప్రస్తుతానికి ఆగింది.

బావగారిని అడిగానని చెప్పు. ధైర్యంగా ఉండు.

ఇట్లు,
తమ్ముడు


ఫిబ్రవరి 12

ఉప సంపాదకులవారికి నమస్కారములు.

తమరి ప్రకటన అందింది. నేను తమ్ముడికి ఉత్తరం రాస్తే ఆఫీసు జవాబిచ్చింది. "ధైర్యంగా ఉండు" అన్న ముక్క కూడా బోర్డు మీద చూసే రాశావా?

చదివేవాళ్ళు ఎలా తీసుకుంటారో నీకు తెలిసినట్టు లేదు, నేను చెబుతాను. పక్కింటావిడ ఎనిమిదేళ్ళుగా తాగే నీళ్ళు మా కొళాయిలోనే పట్టుకునేది. ఇప్పుడు బిందె చంకనపెట్టుకుని మా గుమ్మం దాటి అవతలి వీధికి వెళుతోంది. ఆ వీధి కొళాయిలోకి వచ్చేవి కూడా నేను చూసే నీళ్ళే. ఆ సంగతి ఆవిడకి తట్టలేదు, నేను చెప్పలేదు. మందుల కొట్లో ఒకాయన నన్ను చూసి పత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్యాదకే పెట్టుకున్నాడులే.

మొన్న పాప బడి నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా అడిగింది, "అమ్మా, నువ్వు నిజంగా చూసే రాస్తావా?" అని. చూసే రాస్తానే అన్నాను. అన్నాక నాకే అనుమానం వచ్చింది. ఆ రోజు తొమ్మిదింటికి గొట్టం పట్టుకున్న చెయ్యి నాకు గుర్తుంది. అది ఆ సోమవారం చెయ్యో, అంతకు ముందు సోమవారం చెయ్యో చెప్పలేకపోతున్నాను. పన్నెండేళ్ళు ఒకే పని చేస్తే రోజులన్నీ కలిసిపోతాయి. ఇంట్లో కూర్చున్నా గంట కొట్టగానే లేచి నిలబడుతున్నాను. నిలబడి, ఎందుకు లేచానా అని చూసి, మళ్ళీ కూర్చుంటున్నాను.

నా తమ్ముడివని చెప్పుకోవడం నీకు నామోషీగా ఉన్నట్టుంది. సరే. ఎవరికీ చెప్పను.

మీ పత్రికకి ఇక్కడి నుంచి వార్తలు పంపేది గొడుగాయన. బజారులో గడియారాలు బాగుచేసే కొట్టు ఆయనది. ఎండున్నా లేకపోయినా చంకలో గొడుగు ఉంటుంది, ఊరంతా అలాగే పిలుస్తుంది. నిన్న వెళ్ళి అడిగాను, ఎవరు చెప్పారండీ మీకు అని.

"నేనలా రాయలేదమ్మా," అన్నాడు. "ఆసుపత్రి వరండాలో ఎవరో అనుకుంటుంటే విన్నాను. అక్కడ పరీక్షలూ గిరీక్షలూ ఏమీ చెయ్యరట, ఊరికే అంకెలు వేసేస్తారట అని. విన్నది విన్నట్టు 'అట' అనే రాశాను."

"మరి ఆ 'అట' ఏదండీ? పత్రికలో లేదే?" అన్నాను.

"పెట్టానమ్మా. నాకు బాగా గుర్తు." గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నకలు ఉందా అంటే లేదన్నాడు. పంపింది ఒకటే కాగితం.

అంతకంటే ఏమడిగినా నీళ్ళు నమిలాడు. అబద్ధమాడుతున్నాడని నాకు తేలిపోయింది. మీ ఎడిటరుకి ఫిర్యాదు రాస్తున్నాను, ఇలాంటి మనిషిని పెట్టుకుంటే ఎలాగండీ అని. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఆయన పంపిన కాగితం మీ దగ్గర ఎక్కడో ఉంటుంది కదా. తీసి చూడు. అందులో "అట" ఉందో లేదో రాయి. అది వేలు పెట్టడం కాదు, కళ్ళు పెట్టడం. దానికి బోర్డు అడ్డురాదనుకుంటాను.

ఇట్లు,
విధుల్లో లేని ఉద్యోగిని


ఫిబ్రవరి 17 (కార్డు)

అక్కా,

ఉత్తరం విడిగా రాస్తాను. ఆ కాగితం ఇంకా దొరకలేదు. ఏ నెల కాగితాలు ఆ నెల కట్టకట్టి అటక మీద పడేస్తారు, వెతకాలి. ఫిర్యాదు అప్పుడే పంపకు. ఆయన అలాంటి మనిషి కాదని ఇక్కడ అంటారు. నామోషీ అని రాశావు. అది కాదు. ఏమిటో తర్వాత రాస్తాను. పాపను కాచి చల్లార్చిన నీళ్ళే తాగమను.

తమ్ముడు


ఫిబ్రవరి 28

తమ్ముడూ,

నీ కార్డు వచ్చిన రోజే ఫిర్యాదు పోస్టులో వేశాను. వేశాక చదివానా, చదివాక వేశానా అని అడగకు. చదివే వేశాను. ఊరుగాని ఊళ్ళో గొడుగాయన మంచితనం గురించి నీకు ఇంత పట్టింపు ఎందుకో నాకు అర్థం కాలేదు. కాచి చల్లార్చిన నీళ్ళ గురించి నాకు చెబుతున్నావు చూడు, అది మాత్రం చదివి నవ్వాను. నెలరోజుల్లో నవ్వడం అదే.

ఆరో రోజుకి జవాబొచ్చింది. "తమ ఫిర్యాదును పరిశీలించాము. సదరు విలేకరి సేవలను నిలిపివేశాము." అచ్చుగుద్దినట్టు రెండు వాక్యాలు, కింద ముద్ర. నా మీద వార్త వెయ్యడానికి ఒక రోజు పట్టింది, ఆయన్ని తీసెయ్యడానికి ఆరు రోజులు. చురుకైనవాళ్ళే. మీ బావ "తగిన శాస్తి జరిగింది" అన్నాడు. నాకు ఏమీ అనిపించలేదు. కాగితం మడిచి అలమారాలో పెట్టాను.

ఆ మర్నాడు గొడుగాయన మా వీధిలోంచి వెళుతూ కనిపించాడు. ఎండ మండిపోతోంది. గొడుగు ఉంది, వేసుకోలేదు. నన్ను చూసి ఆగబోయి, ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఇక అసలు సంగతి. విచారణ తేలింది. బడి మేడ మీద నీళ్ళ ట్యాంకు మూత పగిలి ఎన్నాళ్ళయిందో. లోపల పావురం చచ్చి పడి ఉంది. మా దగ్గర్నుంచి వెళ్ళిన నీళ్ళు బాగానే ఉన్నాయి, ఆ ట్యాంకులో పడ్డాక చెడిపోయాయి. విచారణకొచ్చిన ఆఫీసరు బక్కపలచటి మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంటే చూపుడువేలితో ఎగదోసుకుంటాడు. రిజిస్టరు మా పెద్దింజనీరు ముందు పెట్టి, పదకొండు గంటల గడి చూపించి, "ఊరికే రాసేసే మనిషైతే ఇది కూడా రాసేసేదండీ" అన్నాడట. పెద్దింజనీరే వచ్చి చెప్పాడు. ఆయన ఈసారి తల ఊపిన ఊపు నాకు అర్థమైంది.

గురువారం నుంచి డ్యూటీకి వెళుతున్నాను. వెళ్ళగానే అంతా మామూలైపోతుందనుకున్నాను. గొట్టంలో నీళ్ళు పడతాను, చుక్కలు వేస్తాను. పసుపొస్తుంది. పసుపని నాకు తెలుసు. రాయడానికి చెయ్యి రాదు. పారబోసి మళ్ళీ పడతాను. ఒక్కోగంటకి మూడేసిసార్లు చూస్తున్నాను. పంపు దగ్గర పనిచేసేవాడు "అక్కా, ఊరికి నీళ్ళు మిగుల్తాయా, అన్నీ నువ్వే పారబోస్తావా?" అన్నాడు. వాడు నన్ను నవ్విద్దామనే అన్నాడు.

వార్తొచ్చింది గానీ అది తప్పని తేలినట్టు వార్త రాలేదు. పక్కింటావిడ ఇంకా అవతలి వీధికే వెళుతోంది. విచారణ కాగితం పట్టుకుని నేనే ఇంటింటికీ తిరిగితే ఏం బావుంటుంది? దిద్దుబాటు వేయించు. అదే పేజీలో, అదే చోట, అంత అక్షరాల్లోనే. కాగితం నకలు ఇందులో పెడుతున్నాను. చుట్టరికం మాటెత్తకుండానే వేయించు, నాకేం పట్టింపు లేదు.

అక్క


మార్చి 9

అక్కా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. ముందు మూడూ చాలా బాగా వచ్చాయి, అందుకే చించేశాను.

ఆ వార్త దిద్దింది నేను.

కాగితం అటక మీద లేదు. నా కుర్చీ వెనక బీరువా మీదే ఉంది కట్ట, చెయ్యి చాపితే అందుతుంది. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే ఆ వార్త నా చేతుల్లోంచి పోయిందని గుర్తొచ్చింది. దాన్ని ఏం చేశానో గుర్తురాలేదు. చూడాలంటే భయం వేసింది. చూడనంతవరకూ నాకు తెలియదు కదా అని చెప్పుకుంటూ రోజులు నెట్టాను. గొడుగాయన్ని తీసేస్తున్నామన్న ఉత్తరం నా పక్క టేబులు మీదే టైపు చేశారు. నేను లేచి టీ తాగడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కవరు అంటించేశారు. నువ్వు పంపిన విచారణ నకలు వచ్చాక కట్ట విప్పాను.

ఆయన రాసింది ఇది, ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి రాస్తున్నాను: "ఆ ఉదయం విధుల్లో ఉన్నది ఒక ఉద్యోగిని. అక్కడ నీళ్ళు పరీక్షించరట, కూర్చున్నచోటే అంకెలు వేసేస్తారట అని ఆసుపత్రి వరండాలో కొందరు తల్లిదండ్రులు అనుకుంటుండగా విన్నాను. నిజమో కాదో కనుక్కోవలసి ఉంది."

దాని మీద నా ఎర్రసిరా ఉంది. మా దగ్గర వార్తలో "అట" రాకూడదు, అది ఇళ్ళల్లో ముచ్చట్లాడుకునే మాట అంటారు. రెండుచోట్ల "అట" కొట్టేశాను. విలేకరి "విన్నాను" అని తన గురించి రాసుకోకూడదు, అదీ కొట్టేశాను. "కనుక్కోవలసి ఉంది" అన్నది మాకు రాసిన మాటేమో అనుకుని తీసేశాను. మిగిలిన రెండు వాక్యాలు విడివిడిగా అతకలేదు. వాటిని కలిపి "తెలిసింది" పెట్టాను. ఉద్యోగిని గురించి ఒకమాట, ఎవరో అనుకున్న మాట ఒకటి, రెండూ ఆయన కాగితంలో దూరందూరంగా ఉన్నాయి. నేను ఒకచోటికి తెచ్చాను. వాక్యం చదవడానికి బాగుంది. నిమిషం కూడా పట్టి ఉండదు.

ఊరి పేరు చూశాను అక్కా. అక్క ఉండే ఊరు కదా అని కూడా అనుకున్నాను. అనుకుని, తర్వాతి కాగితం తీసుకున్నాను. నీకు రాయడానికి అన్నిటికంటే కష్టమైన సంగతి ఇదే.

కాగితం తీసుకెళ్ళి ఎడిటరుగారి ముందు పెట్టాను. ఆయన చదివి, "మనం నిందెయ్యలేదయ్యా, తెలిసింది అన్నాం. తెలిసిందన్నదానికి దిద్దుబాటేమిటి?" అన్నారు. నీ తమ్ముణ్ణని అప్పుడు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కనపెట్టారు. "చుట్టరికం ఉంటే ఇంకా చిక్కు. నీ అక్క కోసం వేశామంటారు. ఇన్నాళ్ళూ చెప్పకుండా ఆ కుర్చీలో ఎలా కూర్చున్నావు?" అన్నారు. తప్పు ఎక్కడ పడితే దిద్దుబాటు అక్కడే పడాలి అని మీ బోర్డులోనే ఉందండీ అన్నాను. ఆయన వెనక్కి తిరిగి, అదేదో కొత్తగా పెట్టినట్టు, బోర్డు మొత్తం చదివారు.

నిన్నటి పత్రికలో వచ్చింది. ఊళ్ళ పేజీలోనే, అడుగున, వానల లెక్క పక్కన. నాలుగు వరసలు. "అదే చోట అన్నాం కదండీ" అని అడిగితే "అదే పేజీ కదయ్యా" అన్నారు. నన్ను ఊళ్ళ పేజీ నుంచి తీసేశారు. ఇప్పుడు సినిమా హాళ్ళ వేళలు, రైళ్ళ రాకపోకలు చూస్తున్నాను.

గొడుగాయన్ని వెనక్కి తీసుకోమని అడిగాను. ఫిర్యాదు చేసిన మనిషి రాతపూర్వకంగా వెనక్కి తీసుకుంటే తీసుకుంటామన్నారు.

ఎవరితోనూ అనొద్దని నీకు రాసింది నామోషీతో కాదు. దిద్దింది నేనేనేమోనన్న భయంతో. నన్ను తిట్టు. తిడితే కాస్త ఏమన్నా అనిపిస్తుందేమో. కాగితం చూసినప్పటి నుంచి నాకేమీ అనిపించట్లేదు, రైళ్ళ వేళలు తప్పుల్లేకుండా దిద్దుతున్నాను.

తమ్ముడు


మార్చి 20

చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. తిడదామని రెండుసార్లు కూర్చున్నాను. తిట్లు వచ్చాయి గానీ కోపం రాలేదు. కోపం లేకుండా తిడితే అదీ మీ ఆఫీసు ఉత్తరంలాగే ఉంటుందని మానేశాను.

దిద్దుబాటు వెతకడానికి మీ బావ పత్రిక నాలుగుసార్లు తిరగేశాడు. దొరికాక తీసుకెళ్ళి పక్కింటావిడకి చూపించాడు. ఆవిడ చదివి, "అయ్యో, నేనసలు నమ్మితేగా" అందట. బిందె ఇంకా మా కొళాయి దగ్గరికి రాలేదు. పాప మాత్రం ఆ నాలుగు వరసలూ కత్తిరించి తన పుస్తకానికి అంటించుకుంది.

నీ తప్పు నీది. దాని గురించి ఇంక రాయను. ఈ వారమంతా నా తప్పు గురించే ఆలోచించాను. ఆ కాగితం తీసి చూడమని నిన్ను అడిగాను కదా. నువ్వు చూడకముందే, జవాబు రాకముందే, మీ విలేకరి కల్పించి రాశారు అని మీ ఎడిటరుకి రాశాను. కల్పించినట్టు నేను చూశానా? గొడుగు చెయ్యి మార్చుకోవడం చూశాను. అంతే. చూడకుండా రాస్తుందని ఊరంతా నన్నన్న మాట, ఆ ఒక్కసారికి నిజమే.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. పంపి, శనివారం డ్యూటీ దిగి నేరుగా గొడుగాయన కొట్టుకి వెళ్ళాను. కంటికి అద్దం పెట్టుకుని గడియారం మీదికి వంగి ఉన్నాడు. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి ఇటు జరిపాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పాను.

"మీరు పంపిన కాగితం దొరికిందండీ. 'అట' అనే ఉంది. రెండుచోట్ల ఉంది. కనుక్కోవాలని కూడా రాశారు."

ఆయన కంటి అద్దం తీశాడు. "ఉందా?" అన్నాడు.

"ఉందండీ."

నాకు వేసిన స్టూలు మీద ఆయనే కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "నేనే తప్పు పంపానేమో అనుకున్నానమ్మా. మొదట్లో బాగా గుర్తుంది. మీరు ఫిర్యాదు రాశారని తెలిశాక, ఆవిడ చూడందే ఒక్క అంకె వెయ్యదని మీ పంపు దగ్గరివాళ్ళు చెబుతారు, ఆవిడ రాసిందంటే నేనే ఏదో చేసుంటాను అనిపించింది. నా మీద నాకే నమ్మకం పోయింది. మా ఇంటావిడకి కూడా చెప్పేశాను, తప్పు నాదేనని. పాపం, ఏమీ అనలేదు."

నాకు ఏడుపొచ్చింది. రెండు నెలల్లో రావడం అదే. ఆయన ముందు ఏడవడం ఇష్టంలేక, గోడ మీద గడియారాల వైపు తిరిగాను. ఏ రెండూ ఒక టైము చూపించట్లేదు.

"మరి తీసేసింది ఎవరో తెలిసిందా అమ్మా?" అని అడిగాడు.

తెలియలేదండీ అన్నాను.

ఎలా అన్నానో నాకు తెలియదు. అనుకుని వెళ్ళిన మాట కాదు. ఆయన తల ఊపి, "పోనీలెండి. అక్కడ ఎవరో పని ఒత్తిడిలో చూసుకుని ఉండరు, కావాలని చెయ్యరు కదా" అన్నాడు. నీ తరఫున ఆయనే వకాల్తా పుచ్చుకున్నాడు. నేను ఇంకోమాట మాట్లాడకుండా వచ్చేశాను.

నేను వెళ్ళి ఆ అబద్ధం సరిచెయ్యను. నువ్వే సరిచెయ్యాలి. ఆయన కొట్టు చిరునామా ఈ కాగితం వెనక రాశాను. నియమాలూ, "చింతిస్తున్నాము"లూ లేకుండా, నాకు రాసినట్టు రాయి. ఎర్రసిరా సంగతి రాయి. ఊరి పేరు చూసి కూడా తర్వాతి కాగితం తీసుకున్న సంగతి రాయి. టీకి వెళ్ళిన సంగతి వదిలెయ్యకు. నేను నీకు ఏమవుతానో రాసి, కింద నీ పూర్తి పేరు పెట్టు.

చదివానని ఆయన నాతో అన్నరోజున నీకు ఉత్తరం రాస్తాను. అంతవరకు నీ దగ్గర్నుంచి ఏమొచ్చినా విప్పను.

అక్క